నాలుగేళ్ల మనవరాలితో వెనిస్

 

మనలో చాలామంది పిల్లలు విదేశాల్లో ఉన్నారు. చిన్న మనవలతో యూరప్ చూడబోయేవారికి వెనిస్ గురించి నాలుగు మాటలు చెబుతాను.

అది ఉప్పునీటి సరస్సులో, వందకు పైగా దీవుల మీద కట్టిన ఊరు. కార్లుండవు. నడవాలి, లేదా పడవెక్కాలి. వంతెనలు నాలుగు వందల పైమాటే, చాలావాటికి మెట్లే. పిల్లల బండి మోయలేం, చంకనెత్తుకోవడమే నయం. ఆరేళ్లలోపు వారికి పడవ బస్సులో టిక్కెట్టు లేదు. పూటకు ఒక్క చోటు చూస్తే చాలు.

సెయింట్ మార్క్ చర్చిలో బంగారు పనితనం మా మనవరాలికి పట్టలేదు. చెత్త ఎత్తే పడవనూ, కూరగాయలమ్మే పడవనూ చూసి కేరింతలు కొట్టింది. "తాతయ్యా, మనూళ్లో ఇలాంటి నీళ్లున్నాయా?" అని అడిగింది. "కొల్లేరు ఉందమ్మా" అన్నాను.

వెనిస్‌వాళ్లు సరస్సు పూడిపోకుండా వందల ఏళ్ల కిందటే నదుల్ని పక్కకు మళ్లించారు. 2020 నుంచి సముద్రపు పోటును ఇనుప తలుపులతో ఆపుతున్నారు. కొల్లేరుకు 2002లో రాంసార్ గుర్తింపు వచ్చింది. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టించారు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. ఇవన్నీ మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

ఏటా మన బడి పిల్లల్ని ఆటపాక గూడబాతుల దగ్గరకు తీసుకెళ్లే ఖర్చు సంఘం భరించాలని నా విన్నపం. అందులో మొదటి ఏడాది ఖర్చు నాది.