కప్పు ఉన్న వంతెన



ఇంటికి కప్పు ఉంటుంది. పశువుల కొట్టానికీ కప్పు ఉంటుంది. మరి వంతెనకు కప్పు ఉంటుందా? ఉంటుంది. అలాంటి వంతెన ఒకటి అమెరికా దేశంలో ఉంది. అది కర్రతో కట్టిన వంతెన. కట్టి 150 ఏళ్ళు దాటింది. ఈనాటికీ దాని మీద కార్లు పోతున్నాయి.

అక్కడ కనెక్టికట్ అనే పెద్ద నది ఉంది. నదికి ఈ ఒడ్డున కార్నిష్ అనే పల్లె. ఆ ఒడ్డున విండ్సర్ అనే ఊరు. 1796లో మొదటిసారి వంతెన కట్టారు. వరద వచ్చి కొట్టుకుపోయింది. మళ్ళీ కట్టారు. అదీ పోయింది. మూడోసారి కట్టారు. దాన్నీ వరదే తీసుకుపోయింది.

అయినా జనం ఊరుకోలేదు. 1866లో నాలుగో వంతెన కట్టించారు. దానికి 9 వేల డాలర్లు ఖర్చయింది. పొడవు దాదాపు 450 అడుగులు. నది మధ్యలో రాతి దిమ్మె ఒక్కటే ఉంది. అంత దూరం కర్ర ఎలా ఆగింది? మీరు తడిక అల్లడం చూశారు కదా! బద్దలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పోతాయి. ఒక్క బద్ద వంగుతుంది. అల్లిన తడిక వంగదు. ఆ వంతెన రెండు పక్కలా పెద్ద పెద్ద దూలాలను అలాగే ఏటవాలుగా, జాలీలాగా కలిపారు. బరువును అన్ని దూలాలూ పంచుకుంటాయి.

మరి కప్పు ఎందుకు? మనుషులు తడవకుండా అనుకుంటారు. కాదు. కర్ర తడవకుండా! వానకు తడిస్తే కర్ర పుచ్చిపోతుంది. కప్పు వేసి, పక్కల పలకలు కొడితే దూలాలు పొడిగా ఉంటాయి. కప్పు పాడైతే మళ్ళీ వేసుకోవచ్చు. దూలాలు పుచ్చితే వంతెనే పోతుంది. ఆ ప్రాంతంలో మంచు బాగా పడుతుంది. పూర్వం చలికాలంలో చక్రాలు లేని బండ్లు మంచు మీద జారుతూ పోయేవి. కప్పు ఉన్న వంతెనల్లో మంచు ఉండదు కదా! అందుకని మనుషులే మంచు తెచ్చి లోపల పరిచేవారు.

వంతెన దాటాలంటే సుంకం కట్టాలి. ఈ సుంకం 1943 దాకా సాగింది. వంతెన మొదట్లో ఒక బోర్డు ఉంది. గుర్రాలను నడిపించుకుపోవాలి, పరుగెత్తిస్తే 2 డాలర్ల జరిమానా అని దాని మీద రాశారు. గుర్రాలు దడదడమని పరుగెత్తితే వంతెన అదురుతుంది. అందుకే ఆ కట్టడి.

ఈ వంతెనను కట్టింది ఇద్దరు మేస్త్రీలు. ఒకరు బేలా ఫ్లెచర్. రెండో ఆయన జేమ్స్ టాస్కర్. ఈయనది కార్నిష్ పల్లే. టాస్కర్‌కు చదవడం, రాయడం రాదని చెబుతారు. అయినా వంతెన కట్టడంలో గొప్ప నేర్పరి. కార్నిష్‌లో ఆయన కట్టిన చిన్న వంతెనలు ఇంకా మూడు నిలిచి ఉన్నాయి.

కర్ర ఎంత గట్టిదైనా బాగోగులు చూడాలి. 1987లో వంతెన మూసి, మరమ్మతు చేశారు. 1989లో మళ్ళీ తెరిచారు. దానికి 44 లక్షల డాలర్లు దాటింది. ఆ డబ్బుతో కొత్త వంతెన కట్టొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. కానీ అది తాతల నాటి పనితనం. ప్రభుత్వం దాన్ని కాపాడవలసిన కట్టడాల జాబితాలో 1976లోనే చేర్చింది.

అక్కలారా, ఒక్కసారి ఆలోచించండి. అక్షరం రాని మనిషి చేతిలో ఎంత విద్య ఉంది! చదువు రానివాళ్ళకు ఏమీ తెలియదనడం తప్పు. కానీ ఇంకొక మాట కూడా ఉంది. ఆ వంతెన మీద బోర్డు ఉంది. కట్టినాయనే దాన్ని చదవలేడు. ఏ దూలం ఎందుకు అక్కడ పెట్టాడో ఆయన రాసి పెట్టలేడు. ఇవాళ ఆయన గురించి తెలిసింది ఇతరులు రాసిందే.

మీ చేతుల్లోనూ ఎంతో పనితనం ఉంది. నాట్లు, విత్తనం దాచడం, చాప అల్లడం, పురుడు పోయడం. ఇప్పుడు మీకు అక్షరమూ వచ్చింది. మీకు తెలిసిన పని ఒకటి మీరే రాయండి. నాలుగు వాక్యాలు చాలు. పలకల కప్పు కర్రను కాపాడింది. మీ పనితనాన్ని మీ అక్షరం కాపాడుతుంది.