అమ్మమ్మ సూట్‌కేసు సర్దే ముందు

కూతురికో కోడలికో పురుడు పోయడానికి సింగపూరు వచ్చే అమ్మలు, అత్తగార్లు మనలో చాలామంది ఉన్నారు. వచ్చేటప్పుడు ఊరినుంచి శొంఠి, పిప్పళ్ళు, వస కొమ్ము, ఆముదం, పొత్తిళ్ళ కోసం పాత చీరలు, ఇలా ఒక సూట్‌కేసు నిండా తెస్తాం. ఆ సూట్‌కేసులో ఏది ఉండాలి, ఏది ఉండకూడదు అన్నదే ఈ పూట నా మాట. ఇది పుస్తకం చదివి చెప్పేది కాదు. మా ఇంట్లో జరిగింది చెప్పి, తర్వాత నేను తెలుసుకున్నది చెబుతాను.

మా అమ్మాయికి ఇక్కడ మగపిల్లాడు పుట్టాడు. నేను ఊళ్ళో ట్రంకు పెట్టెలోంచి నాలుగు పాత నూలు చీరలు తీసి, చింపి, పొత్తిళ్ళకని మడతపెట్టి తెచ్చాను. ఉతికిన కొద్దీ మెత్తబడిన నేత చీర కంటే పసిబిడ్డ ఒంటికి మంచి గుడ్డ ఏముంటుంది? ఆసుపత్రిలో అవి బయటికి తీయగానే నర్సమ్మ వాసన చూసి ఆగిపోయింది. మా అల్లుడు నెమ్మదిగా, "అత్తయ్యగారూ, వీటిలో కలరా ఉండలు వేశారా?" అని అడిగాడు. వేశాను. ముప్ఫై ఏళ్ళుగా వేస్తూనే ఉన్నాను. అప్పుడు చెప్పారు, మా మనవడికి జి6పిడి తక్కువని బొడ్డుతాడు రక్తంలో తేలిందని, ఆ వాసన బిడ్డ దగ్గరకే రాకూడదని. ఆ చీరలు తిరిగి సూట్‌కేసులో పెడుతుంటే నా చేతులు వణికాయి.

ఏమిటీ జి6పిడి? మన ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము. అది తక్కువున్న బిడ్డ మామూలుగానే ఉంటాడు, పాలు తాగుతాడు, నవ్వుతాడు. కానీ కొన్ని పదార్థాలు తగిలితే ఎర్ర కణాలు గబగబా పగిలిపోతాయి. కామెర్లు ముదురుతాయి. పసిబిడ్డలో అవి బాగా ముదిరితే పచ్చదనం మెదడుకెక్కి ప్రాణానికే ముప్పు, లేదా జీవితాంతం ఉండిపోయే లోపం. కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీను అలా చేసే వాటిలో ముఖ్యమైనది. ఇంకొక సంగతి వినండి. ఒంటికి నూనె పట్టించిన బిడ్డకు నాఫ్తలీను చర్మంలోంచి ఇంకా త్వరగా లోపలికి పోతుంది. మనం చేసేది అదే కదా? నూనె రాసి, నలుగు పెట్టి, నీళ్ళు పోసి, పాత చీరలో చుడతాం. ఒక ఉతుకుకు పోయే వాసన కాదది.

ఈ లోపం తల్లి ద్వారా మగపిల్లలకు ఎక్కువగా వస్తుంది. మలేరియా ఎక్కువగా ఉండిన ప్రాంతాల వాళ్ళలో ఎక్కువ కనిపిస్తుంది. సింగపూరులో ఒకప్పుడు కామెర్లతో చాలామంది పసివాళ్ళు పోయేవారు. ప్రొఫెసర్ వాంగ్ హాక్ బూన్ వంటి పిల్లల వైద్యులు దానికీ ఈ లోపానికీ ఉన్న సంబంధం పట్టుకున్నారు. 1965 నుంచి ఇక్కడ పుట్టే పిల్లలకు బొడ్డుతాడు రక్తంతో ఈ పరీక్ష చేస్తున్నారు. మనలో చాలామందికి ఊళ్ళో ఈ పరీక్షే జరగలేదు. అందుకే మన ట్రంకు పెట్టెల మీద మనకెప్పుడూ అనుమానం రాలేదు.

చీనా అమ్మమ్మలకూ ఇలాంటి కథే ఉంది. హువాంగ్ లియాన్ అనే చేదు వేరును వాళ్ళు పసిపిల్లలకు పోసేవారు. అందులోని బెర్బెరిన్ కామెర్లు పెంచుతుందని 1978లో ఇక్కడ దాన్ని నిషేధించారు. తర్వాత నిషేధం ఎత్తేశారు గానీ, పసిపిల్లలకూ జి6పిడి లోపం ఉన్నవాళ్ళకూ జాగ్రత్త అలాగే ఉంది. మన మానుపసుపులో ఉండేదీ ఆ బెర్బెరినే. వంటింటి పసుపు వేరు, మానుపసుపు వేరు. మానుపసుపు పసిబిడ్డ నోటికి గానీ కంటికి గానీ తగలనివ్వకండి.

ఇక వస. ఎక్కువ మాట్లాడే పిల్లాణ్ణి చూసి "వీడికి వస బాగా పోశారే" అంటాం. సానమీద అరగదీసి తల్లిపాలలో కలిపి నాలుకకు రాసిన చేతులే ఇవి కూడా. కానీ వసలో అసరోన్ అనే పదార్థం ఉంది. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో అది కేన్సరు తెచ్చిందని 1968లో అమెరికాలో దాన్ని ఆహారంలో వాడకూడదన్నారు. మాటలు రావడానికి వస అక్కర్లేదు, బిడ్డతో మనం మాట్లాడితే చాలు.

వేపనూనె ఇంకా ప్రమాదం. దగ్గుకనో జలుబుకనో పసిపిల్లలకు వేపనూనె పోస్తే వాంతులు, మగత, ఫిట్స్ వచ్చిన కేసుల గురించి 1981లోనే పక్కనున్న మలేషియా డాక్టర్లు లాన్సెట్ పత్రికలో రాశారు. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించవద్దు. ముక్కులో ఆముదం చుక్క వేయవద్దు, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కర్పూరం ముక్క మింగితే పిల్లలకు ఫిట్స్ వస్తాయి, దేవుడి గూట్లో అందకుండా పెట్టండి. సాంబ్రాణి పొగ తలుపులు వేసిన ఫ్లాటులో బిడ్డకు ఊపిరాడనివ్వదు.

"అయితే మేం తెచ్చేదంతా చెత్తేనా?" అంటారేమో. కాదమ్మా. సగం వస్తువుల చోటు మారిందంతే.

కలరా ఉండలు రాకముందు మన నాయనమ్మలు చీరలను ఎలా కాపాడారు? వేపాకుతో, వస కొమ్ముతో. తంజావూరు సరస్వతీ మహలు గ్రంథాలయంలో తాళపత్రాల దగ్గర వస, మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క వంటివి దంచి మూట కట్టి పెడతారు. కాబట్టి వస బిడ్డ నాలుక మీద నుంచి చీరల బీరువాలోకి వెళ్ళాలి. కలరా ఉండలు బీరువాలోంచి బయటికి వెళ్ళాలి.

పద్ధతి చెబుతాను, రాసుకోండి. టెక్కా మార్కెట్టులో వేపాకు కొనండి. పార్కులో చెట్టు కనిపించిందని కోయకండి, అనుమతి లేకుండా కోస్తే ఇక్కడ నేరం. ఆకును నీడలో ఫ్యాను కింద కరకరలాడేదాకా ఎండబెట్టండి. ఈ ఊరి గాలిలో తేమ ఎక్కువ, కాస్త పచ్చిగా ఉన్నా చీరకు బూజు పడుతుంది. ఎండిన ఆకు, చిన్న వస ముక్క, నాలుగు లవంగాలు పల్చని నూలు గుడ్డలో కట్టి, పిల్లలకు అందని అరలో పెట్టండి. మూడు నెలలకోసారి మార్చండి. ఇది పురుగును చంపదు, దూరం పెడుతుందంతే. అందుకని చెమట, మరకలు లేకుండా శుభ్రం చేశాకే చీర దాచాలి. పట్టుచీరను ప్లాస్టిక్ కవర్లో కాకుండా మల్లు గుడ్డలో చుట్టి, మూణ్ణెల్లకోసారి మడత మార్చాలి. బియ్యంలో పురుగుకూ ఎండు వేపాకు వేయవచ్చు. దానికంటే గట్టి ఉపాయం, కొన్న సంచిని నాలుగు రోజులు ఫ్రీజరులో ఉంచి తర్వాత డబ్బాలో పోయడం.

బాలింతకు వెల్లుల్లి కారం, శొంఠి, మునగాకు కూర నిశ్చింతగా పెట్టండి. నీళ్ళు మాత్రం తగ్గించకండి. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ, ఇక్కడ ఉక్కా ఎక్కువ. వాము నీళ్ళు తల్లి తాగవచ్చు. బిడ్డకు ఆరు నెలల దాకా తల్లిపాలే, నీళ్ళు కూడా వద్దు. నూనెతో ఒళ్ళు మర్దన చేసి కాళ్ళమీద వేసుకుని నీళ్ళు పోయడం మన చేతుల్లోని విద్య, అది వదలకండి.

బిడ్డ కళ్ళు, అరికాళ్ళు పచ్చబడితే, పాలు తాగక మగతగా పడుకుంటే, పసరూ నేల ఉసిరీ అంటూ కూర్చోకండి. వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళండి. అక్కడ ఇంట్లో పెట్టిన మందులన్నీ దాచకుండా చెప్పండి. తిడతారేమోనని అమ్మమ్మలం చెప్పం, అసలు ప్రమాదం అక్కడుంది.

మా మనవడి పొత్తిళ్ళకు చివరికి మా అమ్మాయి సొంత కాటన్ చీరలే చింపాం. వాడిప్పుడు బడికి వెళ్తున్నాడు. మా ఊళ్ళో ట్రంకు పెట్టె తెరిస్తే ఇప్పుడు వేపాకు వాసన వస్తుంది.

మీ సూట్‌కేసు సర్దే ముందు ఒక్కసారి వాసన చూడండి. సెలవు.