పాత కారు, మన ఊరి చలికాలం

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సమావేశంలోనూ డి.ఏ. బకాయిలు, పి.ఆర్.సి., వైద్యం బిల్లులు, ఇవే వినీ వినీ అందరికీ విసుగెత్తింది, ఈసారి మీ కారు గురించి నాలుగు మాటలు చెప్పండి అని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. సంఘం వారి ఆజ్ఞ గనుక కాదనలేకపోయాను. నేను ఇంజనీరును కాను. సర్కారు ఆఫీసులో ఫైళ్లు కదిలించిన గుమాస్తాను. అయితే ఏ వస్తువుకైనా రిజిస్టరు పెట్టి, తేదీ వేసి, జరిగింది జరిగినట్లు రాసుకునే అలవాటు ఉద్యోగం వల్ల అబ్బింది. ఆ రిజిస్టరులో ఉన్నదే మీకు మనవి చేస్తాను.

నా బండి 1970 నాటి స్టాండర్డ్ హెరాల్డ్. నాలుగు తలుపుల బండి. 1989లో నెల్లూరులో ఒక డాక్టరుగారి దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నాను. ఆ రోజుల్లో రోడ్డు మీద అంబాసిడర్లు, ఫియట్లు, వాటి మధ్య అక్కడక్కడ ఒక హెరాల్డు కనబడేవి. దీని పుట్టిల్లు మనకు దూరమేమీ కాదు. మద్రాసు శివార్లలో వండలూరు దగ్గర స్టాండర్డ్ కంపెనీ వారి ఫ్యాక్టరీ ఉండేది. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డుగా వచ్చిన ఈ బండిని 1961 నుండి ఇక్కడ తయారు చేశారు. రూపం గీసినవాడు మికెలోట్టి అనే ఇటలీ దేశస్థుడు. దీని ఛాసిస్‌నే పొట్టి చేసి, దాని మీదనే 1962లో ట్రయంఫ్ వారు స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తెచ్చారు. ఇంగ్లండులో నాలుగు తలుపుల హెరాల్డు లేదు, అది మన మద్రాసు వారు చేసినదే. ఆ తర్వాత 1972లో గజెల్ వచ్చింది, 1985లో స్టాండర్డ్ 2000 వచ్చింది, 1988లో ఆ కారు కూడా ఆగిపోయింది. ఫ్యాక్టరీయే లేనప్పుడు స్పేరు పార్టుల మాట చెప్పనక్కరలేదు.

ఇంజను 948 సి.సి. మాత్రమే. ఇప్పటి చిన్న కారు కూడా దీన్ని సునాయాసంగా దాటిపోతుంది. మరి స్పోర్ట్స్ కారుతో చుట్టరికమెక్కడ అని అడుగుతారు. అంబాసిడరు, ఫియట్ బండ్లకు గేరు స్టీరింగు పక్కన ఉండేది. దీనికి నేల మీద, చేతికందేటట్లు ఉంటుంది. బండి తేలిక. స్టీరింగు పూర్తిగా తిప్పితే 25 అడుగుల మేరలోనే వెనక్కు తిరుగుతుంది. మన బజారు వీధిలో కూడా రివర్సు చేయకుండా తిప్పవచ్చు. మద్రాసు వెళ్లే దారిలో షోలవరం విమానాల మైదానంలో కార్ల పందేలు జరిగే రోజుల్లో హెరాల్డులు కూడా పరుగెత్తేవి.

ఇక అసలు విషయానికి వస్తాను. చలిదేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు పాత కార్లను తినేస్తుందని అక్కడి కార్ల ప్రియులు చలికాలమంతా బండిని షెడ్డులో పెట్టి, ఎండాకాలంలో బయటికి తీస్తారు. మనకు మంచు లేదు గదా అని సంతోషపడనక్కరలేదు. మన ఉప్పు సముద్రం నుండి ఏడాది పొడుగునా గాలిలోనే వస్తుంది. మన చలికాలం వానతో మొదలవుతుంది. రాష్ట్రంలో చాలా జిల్లాలకు నైరుతి వానలు ముఖ్యమైతే, మనకు అక్టోబరు నుండి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాలే ముఖ్యం. కార్తీకంలో వాయుగుండాలు, ధనుర్మాసంలో పొగమంచు. కనుక పాత బండికి మనవద్ద గడ్డుకాలం ఆ మూడు నాలుగు నెలలే.

మొదటి శత్రువు తుప్పు. హెరాల్డుకు ఛాసిస్ వేరు, బాడీ వేరు. బాడీని ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించారు. ఛాసిస్ నుండి పక్కలకు చేతుల్లాగా చాచిన ఇనుప బాహువులు బాడీని మోస్తాయి. ముందు పుచ్చేది అవే. పైన రంగు నిగనిగలాడుతూ ఉంటుంది, అడుగున స్క్రూడ్రైవరుతో పొడిస్తే లోపలికి దిగిపోతుంది. అందుచేత వానలకు ముందు, సెప్టెంబరులోనే, బండిని ఎత్తి అడుగు భాగమంతా పొడిచి చూడాలి. తలుపుల అడుగున నీరు కారడానికి సన్నని రంధ్రాలుంటాయి. వాటిని చీపురుపుల్లతో శుభ్రం చేయాలి. కోట, వాకాడు వైపు వెళ్లినా, సూళ్లూరుపేట నుండి పులికాట్ మీదుగా శ్రీహరికోట రోడ్డులో వెళ్లినా, తిరిగి వచ్చిన రోజే అడుగు భాగాన్ని మంచినీటితో కడగాలి. ఉప్పు బోరునీళ్లతో కడిగితే కడగనట్లే. బండి మీద ప్లాస్టిక్ పట్టా కప్పకండి. లోపల చెమ్మ పట్టి మరింత తుప్పు పడుతుంది. గాలి ఆడే రేకుల షెడ్డు, పైన పాత నూలు దుప్పటి చాలు. వానాకాలంలో ఎలుకలు వైర్లు కొరుకుతాయి. నాలుగు కలరా ఉండలు గుడ్డలో కట్టి పెడితే మంచిది.

రెండవది, ఈ బండికి ప్రత్యేకమైనది. హెరాల్డు ఉన్నవారు దీన్ని గుర్తుంచుకోవాలి. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే నిలువు కడ్డీకి అడుగున మరలు ఉంటాయి. ఆ మరలు ఒక ఇత్తడి ముక్కలో తిరుగుతాయి. దాన్ని ట్రనియన్ అంటారు. దానికి 90 నంబరు గేరు ఆయిలు పెట్టాలి. గ్రీజు పనికిరాదు. నిపుల్ కనబడగానే మెకానిక్కులందరూ గ్రీజు గన్ను పెడతారు. గ్రీజు గట్టిపడి, మరల్లోకి దిగదు. లోపలికి చేరిన వాన నీటితో కడ్డీ తుప్పు పట్టి, ఒక రోజు మలుపులో పుటుక్కున విరుగుతుంది. చక్రం బండి కిందికి మడుచుకుపోతుంది. మన ఊళ్లో ఒక మేస్త్రీ ఇరవై ఏళ్లుగా నా బండి చూస్తున్నాడు. మొదటి రోజే చెప్పాను. అతను, "అయ్యా, అన్ని బండ్లకూ గ్రీజే గదా పెట్టేది, దీనికేమి పట్టింపు?" అన్నాడు. విప్పి చూపించాను. చేత్తో తడిమి చూసి, "నిజమే నాయనా" అన్నాడు. ఆనాటి నుండి మూడు నెలలకొకసారి, వానల్లో నెలకొకసారి, అతనే ఆయిలు డబ్బా తీసుకుని వస్తాడు. రిజిస్టరులో ఆ కాలమ్ ఎప్పుడూ ఖాళీ లేదు.

మూడవది ఇగ్నిషన్. చలికి స్టార్టు కాకపోవడం మనవద్ద తక్కువ, చెమ్మకు స్టార్టు కాకపోవడం ఎక్కువ. డిస్ట్రిబ్యూటరు మూత లోపల మంచు బిందువులు చేరితే కరెంటు దారి తప్పుతుంది. మూత తీసి పొడి గుడ్డతో తుడిచి, కాసేపు ఆరనిచ్చి పెడితే ఇంజను లేస్తుంది. ఈ బండిలో ఒక సుఖముంది. బానెట్టు మొత్తం ముందుకు ఒరుగుతుంది. ముందు చక్రం మీద కూర్చుని, నడుం వంచకుండా పని చేసుకోవచ్చు. డెబ్బై దాటినవాడికి ఇది చిన్న సౌకర్యం కాదు. అద్దం లోపల ఆవిరి పట్టకుండా కొద్దిగా షేవింగు క్రీము రాసి తుడవాలి. వైపరు మొరాయిస్తే పాత లారీ డ్రైవర్ల కిటుకు ఉంది. బీడీ పొగాకు తడిపి అద్దం బయట రుద్దితే నీరు నిలవకుండా జారిపోతుంది.

నాలుగవది పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది దేశానికి మంచిదే కావచ్చు. కానీ 1970 నాటి రబ్బరు గొట్టాలు, పంపులోని డయాఫ్రమ్ దానికోసం చేసినవి కావు. మెత్తబడి, పగిలి, వేడి ఇంజను మీద పెట్రోలు కారితే ప్రమాదం. నేను గొట్టాలన్నీ ఇథనాలుకు తట్టుకునే రకంతో మార్పించాను. పైగా ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. నిలవ ఉన్న పెట్రోలుతో ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. కనుక బండిని నెలల తరబడి నిలబెట్టరాదు. వారానికొకసారి 20 కిలోమీటర్లయినా తిప్పాలి. ఇంటి ముందు పది నిమిషాలు స్టార్టు చేసి ఆపేస్తే చాలదు. ఆయిలు బాగా వేడెక్కితేనే అందులోని తేమ ఆవిరవుతుంది.

ఐదవది నడపడం. హెరాల్డు వెనుక చక్రాలు రెండూ విడివిడిగా ఊగుతాయి. మలుపులో వేగంగా వెళుతూ భయపడి ఒక్కసారి యాక్సిలరేటరు వదిలినా, బ్రేకు తొక్కినా, బయటివైపు వెనుక చక్రం లోపలికి ముడుచుకుని బండి తోక పక్కకు జారుతుంది. తడి రోడ్డు మీద మరీ సులువుగా జారుతుంది. అందుచేత మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో కాలు తేలికగా ఆనించి ఉంచాలి. నీళ్లలో దిగి వచ్చిన తర్వాత డ్రమ్ము బ్రేకులు పట్టవు. కొంత దూరం బ్రేకు మెల్లగా నొక్కి పట్టి నడిపితే ఆరతాయి. ధనుర్మాసం తెల్లవారుజామున పొగమంచులో హైవే ఎక్కవద్దు. ఆగి ఉన్న లారీ కనబడేలోగా దాని కిందికి పోతాము. ఎనిమిది గంటలకు ఎండ పొడిచిన తర్వాత బయలుదేరితే కొంపలేమీ మునగవు. కళ్లకు శుక్లాల ఆపరేషను అయిన దగ్గరనుండి నేను చీకటి పడ్డాక స్టీరింగు పట్టుకోవడం లేదు.

అన్నిటికంటే ముఖ్యం, ఎప్పుడు నడపకూడదో తెలియడం. 2015 నవంబరులో మనకూ నెల్లూరుకూ మధ్య హైవే మీద బండ్లు ఎలా నిలిచిపోయాయో చూశాము. 2021 నవంబరులో పంబలేరు వాగు పొంగి మన ఊరి దగ్గర జాతీయ రహదారి మీదికే నీళ్లు వచ్చాయి. అదే నెలలో పెన్న వరదకు నెల్లూరు అవతల పడుగుపాడు దగ్గర రోడ్డు తెగింది. ఆ వారం నెల్లూరులో దగ్గర బంధువుల పెళ్లి. మా ఇంటావిడ పట్టుచీర కట్టుకుని సిద్ధమైంది. నేను బ్యాటరీ వైరు తీసేసి, చక్రాల కింద ఇటుకలు పేర్చి, పెళ్లికి రాలేమని ఫోను చేశాను. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. మూడవ రోజు టీవీలో తెగిన రోడ్డు చూసి కాఫీ ఇచ్చింది. పారే నీరు ఒక అడుగు లోతున్నా చాలు, ఇటువంటి తేలిక కారును తేల్చగలదు.

ఇక ఖర్చు సంగతి. మా అబ్బాయి బెంగుళూరులో ఉంటాడు. వచ్చినప్పుడల్లా, "నాన్నా, ఆ డబ్బుతో జీవితాంతం ఆటోలో తిరగొచ్చు, అమ్మెయ్యి" అంటాడు. వాడి మాటలోనూ న్యాయముంది. పాత కారు రిజిస్ట్రేషను ఐదేళ్లకొకసారి రెన్యూవలు చేయించాలి. 600 రూపాయలున్న ఆ రుసుము 2022 ఏప్రిల్ 1 నుండి 5,000 అయింది. 2025 ఆగస్టులో, 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. హరిత పన్ను, బీమా వేరు. పింఛనుదారుడికి ఇది ఆలోచించవలసిన మొత్తమే.

దీనికి ఇంకొక దారి ఉంది. 2021 జూలైలో కేంద్రం వింటేజి వాహనాల నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండిని వింటేజిగా నమోదు చేయించవచ్చు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. నా బండికి ఆ అర్హత ఉంది. మిత్రులు ఇద్దరు అదే చేయమన్నారు. అయితే ఆ నమోదు ఉన్న బండిని రోజువారీ పనులకు రోడ్డు మీదికి తేకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే తీయాలి.

నెల రోజులు ఆలోచించాను. రిజిస్టరు తీసి ఏడాదిలో ఈ బండి ఏమేమి పనులు చేసిందో లెక్క వేశాను. సబ్ ట్రెజరీకి, బ్యాంకుకు లైఫ్ సర్టిఫికెట్ల కోసం మన సభ్యులను పదకొండు సార్లు తీసుకువెళ్లింది. అందులో నలుగురు బస్సు మెట్టు ఎక్కలేనివారు, ఒకరు కీర్తిశేషులైన మన సహోద్యోగి భార్య. నెల్లూరు ఆసుపత్రులకు ఆరు సార్లు. నేలపట్టు గూడబాతులను చూడడానికి మనవరాళ్లతో ఒకసారి. ఈ ప్రయాణాల్లో ఒక్కటీ ప్రదర్శన కిందికి రాదు. పైగా నేను ఇంతసేపూ చెప్పినదాని సారం, తిరగని బండి పుచ్చిపోతుందని. అందుకని 10,000 కట్టి, మామూలు రిజిస్ట్రేషనే రెన్యూవలు చేయించాను. బతికే ఉన్నామని మనం ఏటేటా సర్టిఫికెట్ ఇస్తున్నాము గదా, అది ఐదేళ్లకొకసారి ఇస్తుంది. అబ్బాయికి ఆ లెక్కల పేజీ జిరాక్సు తీసి పంపాను. వాడు ఆటో చార్జీలతో సరిచూసి, "ఇప్పటికీ నీకు నష్టమే నాన్నా" అన్నాడు. నిజమే. అయినా అమ్మమనే మాట మళ్లీ ఎత్తలేదు.

పాత బండి, స్కూటరు ఏది ఉన్నా, సభ్యులు సెప్టెంబరు నెలలోనే ఒకసారి అడుగు భాగం, బ్రేకులు, గొట్టాలు చూపించుకోవాలని కోరుతున్నాను. స్పేరు పార్టులు కావలసినవారు చెన్నై పుదుపేటకు ఒంటరిగా వెళ్లి మోసపోవద్దు. నాలాంటివాడిని వెంటబెట్టుకుని వెళ్లండి. ఈసారి లైఫ్ సర్టిఫికెట్ల సమయంలో బండి అవసరమున్నవారు కార్యదర్శిగారి వద్ద పేరు రాయించండి. ఉదయం ఎనిమిది తర్వాత, చీకటి పడేలోపు, వాన లేని రోజున తప్పక వస్తాను.