రామదండు నేర్పిన పాఠము

(విజయవాడ పఠనమందిరమున చేసిన ప్రసంగము)



కార్యకర్తలమై వాడవాడల తిరుగునపుడు మేము తరచుగా వినుమాట యొకటి కలదు: "పండుగకు పిలువుడు, వత్తుము, సభకు మాత్రము రాము." మతము నాశ్రయించిన రాజకీయోద్యమముల బలమును, బలహీనతయు ఈ మాటలోనే యున్నవి. ఇందుకు దృష్టాంతము మన మండలమువారే చూపిరి.

పెనుగంచిప్రోలున 1889లో జన్మించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఎడింబరోలో చదివి వచ్చినవారు. అయినను జనులను కూడగట్టుటకు వారు రామనామమును, పాటను, గొంధళిని చేపట్టిరి. వారి రామదండు కావివస్త్రములతో, రుద్రాక్షలతో వీథుల నడచెను. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో నాటి బెజవాడయందు అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనపుడు, వెల్లువయై వచ్చిన జనమును క్రమమున నిలిపినది ఆ దండే.

తెలిసిన మాటతో పిలుచుట మొదటి మెట్టు. వచ్చినవానికి పని యప్పగించుట రెండవది. ఈ రెండవది చీరాల-పేరాలలో కానవచ్చును. పురపాలక సంఘమును నెలకొల్పి ప్రభుత్వము పన్నులు పెంపగా, 1921 ఏప్రిల్ మాసాంతమున వేలకొలది జనులు ఇండ్లు విడిచి, ఊరివెలుపల రామనగరమున పాకలు వేసికొని పదునొకండు నెలలు నివసించిరి. భజనలో గొంతు కలిపినంతనే యెవ్వడును ఇల్లు విడువడు. పొరుగువాడు మూట గట్టెను గనుక తానును గట్టును. అచట కులకులమునకు ప్రతినిధులు గల సభ యుండెను. తగవులు తీర్చు పంచాయతి యుండెను.

అట్టి దీక్షయు ఏల సడలెను? నాయకుడు చెరసాలకేగెను, ధనము కొరవడెను, జనులు మరల ఊరు చేరిరి. గోపాలకృష్ణయ్యగారు 1928లో దివంగతులైరి.

కావున మతము పేర జనులను పిలుచు ప్రతి యుద్యమమును రెండు పరీక్షల నిలుపవలెను. నాయకుడు లేనినాడు అది నడచునా? భజనమందిరపు గడప త్రొక్కనివానికి, త్రొక్కనీయబడనివానికి అందు చోటున్నదా? ఖిలాఫతు కాలమున హిందువులును ముసల్మానులును ఒకే పందిటిక్రింద కూర్చుండిరన్న సంగతి మరువరాదు. భక్తి జనులను ఒక్కదినమున చేర్చగలదు. వారిని నిలుపునది నమ్మకము, నిత్యకృత్యము.

సోదరులారా! ఊరేగింపున ఎందరు నడచిరని లెక్కించుట సులభము. మన వీథిలో పదియిండ్లవారి కష్టసుఖములు మనకు తెలియునా? ఆ పదియిండ్లలో అన్యమతస్థుని యిల్లొకటి యున్నదా? నేటి సాయంకాలము అచటినుండియే పని ప్రారంభింతము.