పెద్దవయసు, మతిమరుపు, మన రెండు భాషలు



కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతకడం, మనవడిని పిలవబోయి కొడుకు పేరు పలకడం పెద్దవయసులో చాలామందికి ఉన్నదే. దానికి బెంగపడనక్కరలేదు. కాని ఏళ్ళ తరబడి వెళ్ళివస్తున్న సంతనుంచి ఇంటిదారి తెలియక నిలబడిపోవడం, చెయ్యి తిరిగిన వంటలో ముందేది వెనకేది తోచకపోవడం, చిల్లర లెక్క తేలకపోవడం వేరు. వైద్యులు దీనిని డిమెన్షియా అంటారు. మనం "ముసలి చాదస్తం" అని కొట్టిపారేస్తాము. అక్కడే నష్టం జరుగుతోంది. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ తగ్గడం, మనసులో దిగులు, కొన్ని మందుల ప్రభావం కూడా ఇలాగే కనిపించవచ్చు. సకాలంలో గుర్తిస్తే వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. ఇక ఒకటి రెండు రోజుల్లోనే మనిషి తికమకపడిపోతే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘం, మనం సరిదిద్దుకోగల కారణాలు 14 అని చెప్పింది. అన్నిటినీ అదుపు చేయగలిగితే ప్రపంచంలో సుమారు 45 శాతం డిమెన్షియాను నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని వారి అంచనా. రక్తపోటు, మధుమేహం, పొగతాగడం, కదలకుండా కూర్చోవడం మీరు ఎన్నోసార్లు విన్నవే. బి.పి. మాత్ర నడివయసునుంచే మానకుండా వేసుకోవాలి, రోజూ నడవాలి. అందులో చెవుడు కూడా ఉందంటే చాలామంది ఆశ్చర్యపోతారు. మాట వినపడని పెద్దాయన మొదట టీవీ శబ్దం పెంచుతాడు, తరువాత పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేస్తాడు, ఆపైన అరుగుమీద ఒక్కడే కూర్చుంటాడు. పలకరింపు లేని మెదడుకు పని తగ్గిపోతుంది. కళ్ళజోడుకు లేని నామోషీ చెవిమిషనుకు ఎందుకో నాకు అర్థం కాదు. కంటిలో శుక్లం ఉంటే అదీ తీయించుకోవాలి.

ఇప్పుడు మన సరిహద్దు జిల్లాల సంగతికి వద్దాం. బళ్ళారిలో ఇంట తెలుగు, అంగడిలో కన్నడం. హోసూరులో తెలుగుతోపాటు తమిళం, పర్లాకిమిడిలో ఒడియా. హైదరాబాదు నిజామ్స్ వైద్యసంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించారు. ఒకే భాష తెలిసినవారికంటే రెండు భాషలవారిలో లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. బడిముఖం చూడనివారిలోనూ ఈ తేడా ఉంది! మూడో భాష వల్ల అదనపు లాభమేమీ కనబడలేదు.

రెండు భాషలుంటే జబ్బు రాదని దీని అర్థం కాదు. ఆ రోగుల్లో సగానికి పైగా రెండు భాషలవారే. ఇతరచోట్ల జరిగిన పరిశోధనలన్నీ ఇదే మాట చెప్పలేదు కూడా. అయితే ఒక భాషను పట్టి, రెండోదాన్ని ఆపి, మనిషిని బట్టి మార్చుకోవడం మెదడుకు నిత్యసాధన అని పరిశోధకుల ఊహ. ఆ సాధన మనకు పైసా ఖర్చులేకుండా దొరికింది. ఇప్పుడు మన ఇళ్ళలో పిల్లలు బడిభాషలోనే మాట్లాడుతున్నారు. అవ్వ తెలుగు వినేవారు లేక ఆమె మాటే తగ్గించుకుంటోంది. పిల్లలకు తెలుగు ఎందుకని అడిగేవారు అవ్వ సంగతి కూడా ఆలోచించాలి.

ఆసుపత్రిలో ఒక జాగ్రత్త అవసరం. జ్ఞాపకశక్తి పరీక్షలో తేదీ, ఊరు, కొన్ని పదాలు అడుగుతారు. మనిషికి బాగా వచ్చిన భాషలో అడగకపోతే, ఉన్న జ్ఞాపకం కూడా లేనట్టే తేలవచ్చు. జబ్బు ముదిరేకొద్దీ కొందరికి తరువాత నేర్చిన భాష ముందుగా జారిపోతుంది. కనుక "మా అమ్మకు తెలుగులో అడగండి, నేను మీకు చెబుతాను" అని డాక్టరుతో ముందే చెప్పండి. జవాబు మాత్రం ఆమెనే చెప్పనివ్వండి, మీరు అందించవద్దు. వేసుకుంటున్న మందుల చీటీలన్నీ వెంట తీసుకువెళ్ళండి, నాటుమందులతో సహా.