అమ్మబోవు ఇంటిని సిద్ధపరచుట
(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలనిరి. ఇల్లు అమ్మి చూడుమని మాత్రము వారు చెప్పలేదు. వారి కాలమున ఇల్లమ్ముకొనుట నలుగురిలో చెప్పుకొనదగిన సంగతి కాదు గదా! నేడు మన స్థితి వేరు. ఢిల్లీలో సర్కారువారి క్వార్టర్లలో కాపురముండి, స్వస్థలములో తల్లిదండ్రుల యింటికి తాళము వేసి, ఏటికొకమారు పోయి బూజు దులిపి వచ్చువారు ఈ సభలోనే పలువురున్నారు. అట్టివారిలో ఒకడనైన నేను రెండేండ్ల క్రిందట రాజమహేంద్రవరములోని మా తండ్రిగారి పెంకుటింటిని అమ్మితిని. ఆ అనుభవమును మీ ముందుంచుటయే నా యుద్దేశము. ఇందు పాండిత్యమేమియు లేదు. ఒకరిద్దరికి పనికివచ్చిన చాలును.

మార్చి నెలలో పది దినములు సెలవు పెట్టి వెళ్లితిని. మధ్యవర్తి వెంటనే కొనువారిని తీసికొని వచ్చెను. నాలుగేండ్లు మూసియుంచిన యిల్లు. తలుపు తెరవగానే వచ్చినవారు ముక్కునకు చేతిరుమాలు అడ్డుపెట్టుకొనిరి. ఒక యిల్లాలు పెరటి ఈశాన్య మూలలో గుట్టగా పడియున్న విరిగిన మంచములను, పగిలిన కుండలను చూచి, "ఈశాన్యం మూసేశారండీ" అని గడప దగ్గరనుండియే మరలిపోయెను. మరియొకరు పడమటి గదిలోనికి పోయి గోడపై చేయి వేసిరి. నేలనుండి నడుమెత్తు వరకు చెమ్మ; సున్నము పొరలుపొరలుగా ఆయన చేతికి వచ్చెను. ఆయన చెప్పిన ధర స్థలమునకే గాని యింటికి కాదు. అందును పడగొట్టు కూలి తగ్గించియే చెప్పెను.

ఆ సాయంకాలము మధ్యవర్తి నాకొక యుపాయము చెప్పెను. "ప్లాస్టిక్ పెయింటు రెండు కోటింగులు వేయించి, బీరువా అడ్డంగా పెట్టించండి సార్. వానలు పడేలోగా రిజిస్ట్రేషన్ అయిపోతుంది." దాచనేల? ఆ మాట నాకు నచ్చినది. సెలవు కరిగిపోవుచుండెను; అమ్మాయి కాలేజీ ఫీజు తల మీద నుండెను. రంగులవానితో బేరము కూడ మాటాడితిని.

మరునాడు కాకినాడనుండి మా అక్కయ్య వచ్చెను. సంగతి విని, ఆ గోడ దగ్గర కొంతసేపు నిలుచుండి, "కొన్నవాళ్ళు ఈ గదిలో పసిపిల్లని పడుకోబెడతారు తమ్ముడూ" అనెను. అంతకుమించి ఒక్క మాటయు అనలేదు. మా తండ్రిగారు వీలునామా వ్రాయక, మా తల్లిగారి తరువాత పోయిరి గనుక, 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము ఇంటిలో సగము ఆమెది. ఆమె చేవ్రాలు లేనిదే నా యమ్మకము సాగదు. అయినను ఆనాడు నన్ను ఆపినది చట్టము కాదు.

రంగులవానిని పంపివేసి తాపీమేస్త్రిని పిలిపించితిమి. చూరునీరు సరిగా గోడ మొదటనే పడుచుండెను. పెరటి కాలువ పగిలి ఆ నీటిని అక్కడనే నిలుపుచుండెను. వ్యాధి గోడది కాదు, నీటిది. పాతకాలపు సున్నపు గోడ తాను పీల్చిన తడిని తానే విడిచిపెట్టును. దానిపై ప్లాస్టిక్ రంగు పూసినచో తడి వెలుపలికి రాలేక లోపలనే నిలిచి, కొన్నాళ్లకు రంగునే పొట్టువలె లేపివేయును. పైన పటారము, లోన లొటారము! కాలువ బాగు చేయించి, చూరునీరు దూరముగా పోవునట్లు తూము పెట్టించి, పాడైన పూత గీకించి, వేసవి యంతయు గోడను ఎండనిచ్చి, పిమ్మట మరల సున్నమే వేయించితిమి. అక్కయ్య దగ్గరుండి చూచుకొనెను. చెమ్మ చాలవరకు పోయెను, పూర్తిగా పోలేదు.

ఇక అమ్మకమునకు ముందు చేయదగిన పనులు చెప్పెదను. మొదటిది గాలి, వెలుతురు. కొనువారు వచ్చుటకు వారము ముందునుండి కిటికీలన్నియు తెరచియుంచుడు. కదలిన పెంకులు సర్దించుడు. కారు కుళాయి, పడని గడియ, వెలగని దీపము ఉండరాదు. చిన్న లోపములు కంటబడినచో కనబడని లోపములెన్ని యున్నవో యని కొనువాడు సందేహించును. కాని పాత యింటికి చలువరాళ్లు పరపించుట వంటి పెద్ద ఖర్చులు వలదు. కొన్నవాడు రేపు దానిని పడగొట్టునేమో. ఆ సొమ్ము మనకు తిరిగి రాదు. వాస్తునందు మనకు నమ్మకమున్నను లేకున్నను, ఈశాన్యమున చెత్త తీసివేయుటకు ఖర్చేమియు లేదు.

రెండవది, మన గురుతులు తీసివేయుట. ఇదియే కష్టము. మా హాలు గోడలనిండ మూడు తరముల పటములుండెను. వచ్చినవారు తమ బిడ్డలను ఆ యింటిలో ఊహించుకొనవలెనన్న మన పెద్దలు కొంచెము తప్పుకొనవలెను. పడకగది ద్వారబంధముపై మా తండ్రిగారు ఏటేటా మా యెత్తులు పెన్సిలుతో గీచిన గీతలుండెను. అక్కయ్య ఒక నూలుదారము తెచ్చి, ఒక్కొక్క గీతకొక్కొక్క ముడి వేసి, ఆ దారమును చుట్టి సంచిలో పెట్టుకొనెను. తరువాత తానే తడిగుడ్డతో ఆ గీతలు తుడిచివేసెను.

మూడవది కాగితములు. వాకిలి ఎంత శుభ్రముగా నున్నను దస్తావేజు శుభ్రముగా లేనిచో బేరము కుదరదు. మూల దస్తావేజు, లింకు దస్తావేజులు, ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు, వారసుల ధ్రువపత్రము, ఇంటిపన్ను, నీటిపన్ను రసీదులు ఒక దొంతిగా కట్టియుంచుడు. పురపాలక సంఘపు లెక్కలలో మా యిల్లింకను తండ్రిగారి పేరనే యుండెను. దానిని మార్పించుటకే కొన్ని వారములు పట్టినది. స్థలమును ముందుగా కొలిపించుడు. కాగితమునకును నేలకును తేడా యున్నచో అది మన నోటనుండియే రావలెను.

మన యుద్యోగులకు మరియొక గడప కలదు. 1964 నాటి ప్రవర్తనా నియమావళిలోని 18వ నియమము ననుసరించి స్థిరాస్తి అమ్మకమును ముందుగా పై యధికారికి తెలియజేయవలెను. కొనువారికి మనతో అధికార వ్యవహారము లున్నచో ముందుగా అనుమతియే పొందవలెను. ఫైళ్లు కదుపు మనమే మన ఫైలును మరచుట కద్దు.

జూన్ నెలలో ఉపాధ్యాయ దంపతులు ఇల్లు చూడవచ్చిరి. నేను వారిని మొదట పడమటి గదికే తీసికొనిపోయి, జరిగినది చెప్పి, మేస్త్రి లెక్కల కాగితము చేతికిచ్చితిని. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టములోని 55వ సెక్షను, కొనువాడు సామాన్య శ్రద్ధతో కనిపెట్టలేని ముఖ్య లోపము అమ్మువానికి తెలిసియున్నచో దానిని చెప్పితీరవలెనని విధించుచున్నది. వారు ఆ గోడ పేర ధర కొంత తగ్గించిరి. మధ్యవర్తి నా వైపు జాలిగా చూచెను.

ఆ శ్రావణమున గోదావరి మండలమున ముసురు పట్టినదని విన్న నాడు నాకు ఆ గోడయే గురుతు వచ్చెను. రెండు దినములకు ఆ మాస్టారు ఫోను చేసిరి. నా గుండె ఝల్లుమన్నది. ఆయన క్షేమమడిగి, బావి పూడిక తీయువాని చిరునామా అడిగి, చివరకు, "గోడ మీరు చెప్పినంతే ఉందండీ" అనిరి.

సోదరులారా, తగ్గిన ధర యెంతయో నాకిప్పుడు సరిగా గురుతు లేదు. ఆ మాట మాత్రము గురుతున్నది. ఇంటిని సిద్ధపరచుటయనగా, అది యెట్లున్నదో అట్లు వెలుతురులో చూపదగినట్లు చేయుటయే.