నాటక సమాజము – జమాఖర్చులు



శ్రీరామనవమికిని, సంక్రాంతికిని నాటకములాడు సమాజములు మన పల్లెలలో నేటికిని కలవు. కడప మండలమందలి సురభి గ్రామమున 1885వ సంవత్సరమున పుట్టిన నాటక సంప్రదాయము తరతరములుగా నిలిచి యిప్పటికిని తెర యెత్తుచున్నది. అట్టి దీర్ఘాయువు అన్ని సమాజములకును లభింపలేదు. పద్యము రాక చెడిన సమాజములు కొన్నియే. పద్దు లేక చెడినవి పెక్కు.

“మనవాడే గదా కోశాధికారి! లెక్క యడుగుట మర్యాదయా?” అని కొంద రందురు. నమ్మకము లేనిచోటనే లెక్క వ్రాయుదురని వారి తలంపు. నిజమునకు నమ్మకమును కాపాడునది లెక్కయే. కోశాధికారి నిర్దోషియే యనుకొందము. వ్రాత లేనిచో ఆ సంగతిని ఆతడు దేనితో చూపగలడు?

ఒక యాటను ఉదాహరణముగా గైకొందము. పూర్వపు నిలువ 4,000 రూపాయలు, చందాలు 30,000, చదివింపులు 6,000. వెరసి జమ 40,000. వేషముల యద్దె 14,000, వాద్యగాండ్రకు 12,000, మైకునకును దీపములకును 8,000. వెరసి ఖర్చు 34,000. నిలువ 6,000 ఉండవలెను. పెట్టెలో 5,400 మాత్రమే యున్నదనుకొనుడు. ఆ 600 రూపాయలు ఏమైనవో మరునాటి యుదయమున విచారించినచో, వంటవానికో బండివానికో ఇచ్చినట్లు ఎవరికైనను జ్ఞాపకము వచ్చును. ఆరు నెలల పిమ్మట విచారించినచో అది జ్ఞాపకము కాదు, వైరము. కావున ఏ దినపు పద్దు ఆ దినముననే చిట్టాకెక్కవలెను. ప్రతి జమకును రసీదు, ప్రతి ఖర్చునకును పుచ్చుకొన్నవాని చేవ్రాలు ఉండవలెను.

చదివింపుల విషయమున మిక్కిలి జాగ్రత్త యవసరము. పద్యమునకు మెచ్చి ప్రేక్షకుడు రంగముపై నిచ్చిన నోటు పాత్రధారిదా, సమాజముదా? ఈ ప్రశ్నకు ఆటకు పూర్వమే తీర్మానము వ్రాసికొనుడు. ఆట ముగిసిన పిమ్మట ఏ తీర్పు చెప్పినను ఒకని మనస్సు నొచ్చును.

ఇక చట్టము మాట. సంఘముల రిజిస్ట్రేషనుకై 1860లోనే చట్టము వచ్చినది. మన తెలుగు రాష్ట్రములు రెంటను 2001 నాటి చట్టము నడచుచున్నది. కనీసము ఏడుగురు చేరి నిబంధనావళి వ్రాసికొని జిల్లా రిజిస్ట్రారునొద్ద నమోదు కావచ్చును. పెక్కుమంది ఆ పత్రమును పటము కట్టించి గోడకు వ్రేలాడదీసి, పని ముగిసినదని తలంతురు. ముగియలేదు. ఏటేట సర్వసభ్య సమావేశము జరిపి, 15 దినములలో కార్యవర్గ సభ్యుల జాబితాను రిజిస్ట్రారునకు దాఖలు చేయవలెను.

ఆ కాగితముతో నేమి ప్రయోజన మందురా? కార్యదర్శి గతించెను, తెరలు, కిరీటములు, హార్మోనియము ఆతని యింట నున్నవి, ఊరిలో రెండు పక్షములు మేమే సమాజమని పలుకుచున్నవి. అప్పుడు వరుసగా దాఖలైన జాబితాయే గట్టి సాక్ష్యము. పదియేండ్లుగా జాబితా పంపని సమాజమునకు ఆ సాక్ష్యము లేదు. సామగ్రి పట్టికను గూడ ఏటేట వ్రాసి, ఏ వస్తువు ఎవరి యింట నున్నదో వారిచేత చేవ్రాలు చేయించుడు.

సొమ్ము సమాజము పేరనే బ్యాంకులో నుండవలెను. ఇద్దరి చేవ్రాలు లేనిదే తీయరాదు. రిజిస్టరైనంత మాత్రమున ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. దానిని పన్ను శాఖవారియొద్ద వేరుగా పొందవలెను. అట్లు పొందిన సమాజమునకైనను, 2,000 రూపాయలకు మించి నగదుగా విరాళమిచ్చిన దాతకు ఆ మొత్తముపై పన్ను తగ్గింపు లభింపదు. పెద్ద విరాళములను బ్యాంకు మూలముననే పుచ్చుకొనుడు.

పెద్దలారా! పద్యము పాడుట పడుచువారి వంతు. పద్దు చదివించుట మీ వంతు. వచ్చు పండుగకు తెర యెత్తుటకు ముందు, రచ్చబండ యొద్ద నిరుటి జమాఖర్చులను బిగ్గరగా చదివింపుడు. ఆ యడుగుట అనుమానము కాదు. ఆ సమాజము మీ మనుమల కాలమునకును నిలువవలెనను కోరిక.